ల్యాప్‌టాప్‌లోనే కుబెర్నెటిస్ క్లస్టర్: పెట్టడం, నడపడం, చెడగొట్టి చూడడం

నెల్లూరు, కావలి, ఒంగోలు కాలేజీల్లో చదివే పిల్లలు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే. కుబెర్నెటిస్ (ప్రోగ్రాములను చాలా మిషన్ల మీద నడిపి, పడిపోతే తిరిగి లేపే సాఫ్ట్‌వేర్) నేర్చుకోవాలంటే అమీర్‌పేట వెళ్లి కోర్సులో చేరాలా, లేకపోతే క్లౌడ్‌లో డబ్బు కట్టి సర్వర్లు తీసుకోవాలా అని. రెండూ అక్కర్లేదు. 8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్, ఒక రోజు మంచి వైఫై, రెండు ఆదివారాల ఓపిక ఉంటే చాలు, మూడు నోడ్ల క్లస్టర్ (కలిసి ఒకటిగా పనిచేసే మిషన్ల గుంపు, ఒక్కో మిషన్ ఒక నోడ్) మీ బల్ల మీదే నడుస్తుంది. నేను మొదట క్లౌడ్‌లోనే మొదలుపెట్టాను. ఒక శుక్రవారం సాయంత్రం క్లస్టర్ ఆపకుండా ఊరికి బస్సెక్కేశాను, పండగ కావడంతో వారం ఉండిపోయాను, తిరిగొచ్చాక బిల్లు చూసి రెండు రోజులు టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. అప్పటినుంచి నేర్చుకునే పనంతా నా మిషన్ మీదే చేస్తున్నాను. డబ్బు మిగలడం ఒక లాభమే గానీ, అంతకంటే పెద్ద లాభం ఇంకొకటుంది. మన మిషన్ మీద ఉన్నదాన్ని భయం లేకుండా చెడగొట్టొచ్చు, కుబెర్నెటిస్ అర్థమయ్యేది అప్పుడే.

ఒక మాట ముందే చెప్తాను. కింద కమాండ్లన్నీ నోటితో పలికినట్టు తెలుగులో రాశాను. మీరు టెర్మినల్‌లో కొట్టేటప్పుడు అవే మాటలు ఇంగ్లీషు చిన్నక్షరాల్లో కొట్టాలి. గీతలు, చుక్కలు, కోలన్లు మాత్రం ఉన్నవి ఉన్నట్టే పెట్టండి. పెద్దక్షరం కావలసిన చోట అక్కడే చెప్తాను.

ఇది చేసే పని ఏమిటి

మాకు విడవలూరు వైపు వెనామీ రొయ్యల చెరువులు ఉన్నాయి. రొయ్యలు పెంచిన ఇళ్లలో పుట్టినవాళ్లకు తెలుసు, రాత్రి గడిచేకొద్దీ నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతూ వస్తుంది, తెల్లవారుజామున మరీ పడిపోతుంది, ఆ టైమ్‌లో ఏరేటర్లు ఆగితే తెల్లారేసరికి పంట గట్టున తేలుతుంది. అందుకే రాత్రంతా కాపలా మనిషి టార్చి పట్టుకుని గట్టు మీద తిరుగుతుంటాడు. మా నాన్న అతనికి చెప్పేది ఒక్కటే: "అబ్బయా, నాలుగూ తిరగతా ఉండాల, అంతే." ఏ స్విచ్ ముందు వేయాలి, ఏ మోటారుకు ఏ వైరు అనేది ఆయన చెప్పడు. కాపలా మనిషి ఒక చుట్టు తిరుగుతాడు, ఎన్ని తిరుగుతున్నాయో చూస్తాడు, మూడే ఉంటే నాలుగోది తిప్పుతాడు, మోటారు కాలిపోతే షెడ్డులో ఉన్న ఇంకోటి దింపుతాడు, కరెంటు పోతే జనరేటర్ వేస్తాడు. మళ్లీ ఇంకో చుట్టు.

కుబెర్నెటిస్ చేసేది సరిగ్గా ఇదే. ఏం ఉండాలో మీరు రాసిస్తారు, ఏం ఉందో అది చూస్తుంది, తేడా ఉంటే సరిచేస్తుంది, మళ్లీ చూస్తుంది. మీరు రాసిచ్చింది దాచుకునే పుస్తకం ఒకటుంటుంది (పెద్ద క్లస్టర్లలో దాని పేరు ఎట్‌సీడీ). ఆ పుస్తకాన్ని అందరూ ముట్టుకోరు, ఏదైనా ఏపీఐ సర్వర్ ద్వారానే రాయాలి, చదవాలి. ఏ పని ఏ మిషన్ మీద పెట్టాలో నిర్ణయించేది షెడ్యూలర్. ప్రతి మిషన్ మీద కూర్చుని ఆ పని నిజంగా నడిపించేది క్యూబ్‌లెట్. మిగతా పేర్లు ఇప్పుడు బట్టీ పట్టొద్దు, అవసరం పడినప్పుడు అవే వస్తాయి.

కంటెయినర్ అనగానే మన జిల్లాలో కృష్ణపట్నం రోడ్డు మీద లారీలెక్కి పోయే ఇనప పెట్టెలు గుర్తొస్తాయి. పోలిక అక్కడినుంచే వచ్చింది. పెట్టెలో ఏముందో క్రేన్‌కు అనవసరం, కొలత ఒకటే అయితే ఏ ఓడ మీదికైనా ఎక్కిస్తుంది. ప్రోగ్రామును, దానికి కావలసిన లైబ్రరీలతో సహా అలా ఒక పెట్టెలో సర్దడం డాకర్ పని. వందల పెట్టెలు ఏ ఓడ మీద ఎక్కాలో చూసుకోవడం కుబెర్నెటిస్ పని. దాన్ని గూగుల్ 2014లో అందరికీ తెరిచింది, 2015 జులైలో 1.0 వచ్చింది. గ్రీకులో ఆ మాటకు చుక్కాని పట్టేవాడు అని అర్థం.

ఏ పనిముట్టు తీసుకోవాలి

సొంత మిషన్ మీద క్లస్టర్ నడపడానికి ముఖ్యంగా మూడు దారులున్నాయి: మినీక్యూబ్, కైండ్, కే3డీ. మినీక్యూబ్ పాతది, యాడాన్లు ఎక్కువ, డాష్‌బోర్డు ఒక్క కమాండ్‌తో వస్తుంది, చాలా ట్యుటోరియల్స్ దానిమీదే ఉంటాయి. కైండ్‌లో ఒక్కో నోడ్ ఒక్కో డాకర్ కంటెయినర్. కుబెర్నెటిస్‌ను తయారుచేసేవాళ్లు దాన్నే పరీక్షించుకోవడానికి రాసుకున్నది కాబట్టి అసలు క్లస్టర్‌కు చాలా దగ్గరగా ఉంటుంది. కే3డీ కూడా డాకర్ కంటెయినర్లనే నోడ్లుగా వాడుతుంది, కానీ లోపల నడిచేది కే3ఎస్, అంటే 2019లో ర్యాంచర్ ల్యాబ్స్ తెచ్చిన తేలిక కుబెర్నెటిస్. అంతా కలిపి 100 ఎంబీ లోపు ఉండే ఒక్క ఫైల్. ఎట్‌సీడీ బదులు మామూలుగా ఎస్‌క్యూలైట్ వాడుతుంది.

మన దగ్గర సగం మందివి 8 జీబీ ల్యాప్‌టాప్‌లే కాబట్టి నేను కే3డీ తీసుకోమంటాను. చాలా తేలిక. పైగా బయటినుంచి వచ్చే ట్రాఫిక్ కోసం ట్రాఫిక్ (ఇంగ్లీషులో చివర కే అక్షరంతో రాసే సాఫ్ట్‌వేర్ పేరు అది), వాడకం కొలిచే మెట్రిక్స్ సర్వర్, డిస్కు స్థలం ఇచ్చే లోకల్-పాత్, ఇవన్నీ దాంతోపాటే వచ్చేస్తాయి. రేపు సర్టిఫికేషన్ పరీక్షకు చదివేటప్పుడు కైండ్ కూడా పెట్టుకోండి, రెండూ ఒకే మిషన్ మీద ఉండొచ్చు, ఒకేసారి నడపకుండా ఉంటే చాలు. ర్యామ్ 4 జీబీనే ఉంటే అదనపు నోడ్లు లేకుండా ఒక్క నోడ్‌తో నేర్చుకోండి, నోడ్ పడగొట్టే ప్రయోగం తప్ప కింద చెప్పేవన్నీ దాదాపు చేయొచ్చు.

మిషన్ సిద్ధం చేసుకోవడం

ఉబుంటు లాంటి లినక్స్ ఉంటే డాకర్ ఇంజిన్ వేసుకుని, మీ యూజర్‌ను డాకర్ గ్రూపులో చేర్చి, ఒకసారి లాగౌట్ అయి లాగిన్ అవ్వండి. ఆ లాగౌట్ మర్చిపోతే ప్రతి కమాండ్‌కూ పర్మిషన్ డినైడ్ వస్తుంది.

విండోస్ అయితే డబ్ల్యూఎస్ఎల్2 (విండోస్ లోపల లినక్స్ నడిపేది), దానిమీద డాకర్ కావాలి. బయోస్‌లో వర్చువలైజేషన్ ఆన్ చేసి ఉందో లేదో ముందు చూడండి, టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో సీపీయూ దగ్గర కనిపిస్తుంది. డబ్ల్యూఎస్ఎల్2 మామూలుగా మిషన్ ర్యామ్‌లో సగం దాకా వాడుకోగలదు. 8 జీబీలో 4 జీబీ అంటే మన క్లస్టర్‌కు సరిపోతుంది, కాకపోతే బ్రౌజర్‌లో ముప్పై ట్యాబులు తెరిచి పెట్టుకుంటే మాత్రం మిషన్ పాకుతుంది. పరిమితి మార్చాలంటే మీ యూజర్ ఫోల్డర్‌లో డాట్ డబ్ల్యూఎస్ఎల్‌కాన్ఫిగ్ అనే ఫైల్ పెట్టి అందులో మెమరీ ఎంతో రాసి, డబ్ల్యూఎస్ఎల్‌ను ఒకసారి షట్‌డౌన్ చేసి మళ్లీ తెరవాలి.

తర్వాత క్యూబ్‌సీటీఎల్ (క్లస్టర్‌కు మనం ఏం చెప్పాలన్నా వాడే కమాండ్), కే3డీ ఈ రెండూ దించుకోండి. రెండూ ఒక్కొక్క ఫైలే. క్యూబ్‌సీటీఎల్ వెర్షన్ క్లస్టర్ వెర్షన్‌కు ఒక మైనర్ నంబరు అటూ ఇటూ ఉండొచ్చు, అంతకు మించి తేడా ఉంటే కొన్ని కమాండ్లు వింతగా ప్రవర్తిస్తాయి. డాకర్ సరిగా ఉందో లేదో చూడడానికి:

డాకర్ రన్ హలో-వరల్డ్

ఇక్కడ ఒక జాగ్రత్త. కాలేజీ వైఫై మీద అందరూ కలిసి ఇదే పని మొదలుపెడితే ఇమేజ్‌లు (కంటెయినర్ తయారయ్యే అచ్చులు) దిగడం మధ్యలో ఆగి టూ మెనీ రిక్వెస్ట్స్ అని రావచ్చు. డాకర్ హబ్‌లో (ఇమేజ్‌లు దొరికే సైటు) లాగిన్ అవకుండా దించేవాళ్లకు పరిమితి ఐపీ అడ్రస్‌ను బట్టి ఉంటుంది, కాలేజీ మొత్తం బయటికి ఒకే ఐపీతో కనిపిస్తుంది. ఉచిత ఖాతా తెరిచి డాకర్ లాగిన్ చేసుకుంటే ఆ ఇబ్బంది తగ్గుతుంది.

క్లస్టర్ పుట్టించడం

కే3డీ క్లస్టర్ క్రియేట్ చెరువు --ఏజెంట్స్ 2 -పీ "8080:80@లోడ్‌బ్యాలెన్సర్"

చెరువు అనేది మనం పెట్టిన పేరు. ఒక సర్వర్ నోడ్, రెండు ఏజెంట్ నోడ్లు వస్తాయి. చివర ఉన్న పోర్టు ముక్కను వదిలేయకండి, మీ ల్యాప్‌టాప్‌లో 8080 తడితే క్లస్టర్‌లో 80 దగ్గరికి వెళ్లాలని దాని అర్థం, ఇప్పుడే పెట్టుకుంటే తర్వాత గొడవ ఉండదు. మొదటిసారి ఇమేజ్‌లు దిగుతాయి కాబట్టి కాసేపు పడుతుంది. రెండోసారినుంచి ఒక టీ తాగేలోపు అయిపోతుంది. ఆ తర్వాత:

క్యూబ్‌సీటీఎల్ గెట్ నోడ్స్
క్యూబ్‌సీటీఎల్ గెట్ పాడ్స్ -ఏ -ఓ వైడ్

పాడ్ అంటే కుబెర్నెటిస్ నడిపే అతి చిన్న ముక్క, లోపల ఒకటో రెండో కంటెయినర్లు ఉంటాయి. రెండో దాంట్లో ఏ పెద్దక్షరం, అన్ని నేమ్‌స్పేస్‌లూ (క్లస్టర్ లోపలి అరలు) చూపించమని. కోర్‌డీఎన్ఎస్, ట్రాఫిక్, మెట్రిక్స్-సర్వర్ లాంటివి కనిపిస్తాయి. పుస్తకాల్లో చదివిన షెడ్యూలర్, కంట్రోలర్ మేనేజర్ ఇక్కడ పాడ్లుగా కనిపించవు, కంగారు పడొద్దు. కే3ఎస్‌లో అవన్నీ ఒకే ప్రాసెస్ లోపల నడుస్తాయి. కైండ్‌లో అయితే విడివిడిగా కనిపిస్తాయి.

మీ సొంత ప్రోగ్రామును ఎక్కించడం

ఎక్కడో తయారైన ఇంజిన్‌ఎక్స్ (ఒక వెబ్ సర్వర్) ఇమేజ్‌తో మొదలుపెట్టి అక్కడే ఆగిపోయేవాళ్లను చాలామందిని చూశాను. మీ సొంత ప్రోగ్రాముతో చేయండి, చిన్నదైనా సరే. నేను చేసింది చెరువు నీటి రీడింగులు చూపించే చిన్న ఫ్లాస్క్ (పైథాన్‌లో వెబ్ పేజీలు ఇచ్చే లైబ్రరీ) ప్రోగ్రాము: ఆక్సిజన్, పీహెచ్, ఉప్పదనం. ఆ అంకెలతోపాటు, జవాబిస్తున్న పాడ్ పేరు కూడా పేజీలో చూపించేలా రాయండి, పైథాన్‌లో సాకెట్ మాడ్యూల్‌లోని గెట్‌హోస్ట్‌నేమ్ ఇస్తుంది. ఈ ఒక్క లైను తర్వాత చేసే ప్రయోగాలన్నిటికీ పనికొస్తుంది.

డాకర్‌ఫైల్ (ఇమేజ్ ఎలా కట్టాలో చెప్పే ఫైల్) రాసి, ఇమేజ్ కట్టి, దాన్ని క్లస్టర్‌లోకి పంపండి:

డాకర్ బిల్డ్ -టీ నీరు:1 .
కే3డీ ఇమేజ్ ఇంపోర్ట్ నీరు:1 -సీ చెరువు

రెండో కమాండ్ ఎందుకో తెలియక చాలామంది ఇక్కడే ఇరుక్కుంటారు. మీ ల్యాప్‌టాప్‌లోని డాకర్‌లో ఇమేజ్ ఉన్నా, క్లస్టర్ నోడ్ల లోపల వేరే కంటెయినర్‌డీ (కంటెయినర్లు నడిపే ప్రోగ్రాము) నడుస్తోంది, దానికి మీ ఇమేజ్ సంగతి తెలియదు. పంపకపోతే అది ఇంటర్నెట్‌లో వెతుకుతుంది, దొరకదు, ఇమేజ్‌పుల్‌బ్యాక్ఆఫ్ అని వేలాడుతుంది. ట్యాగ్ కూడా చూసుకోండి. లేటెస్ట్ అని పెడితే (లేదా ఏమీ పెట్టకపోతే) లోపల ఇమేజ్ ఉన్నా ప్రతిసారీ బయటినుంచే తెచ్చుకోవాలని చూస్తుంది. అందుకే 1, 2, 3 అని నంబర్లు పెట్టుకోండి.

ఇప్పుడు డిప్లాయ్‌మెంట్, అంటే ఏ ఇమేజ్‌తో ఎన్ని పాడ్లు ఉండాలో చెప్పే చీటీ. దాన్ని రాసే యామల్ ఫైల్‌ను మొదటి అక్షరంనుంచి చేత్తో రాయొద్దు, క్యూబ్‌సీటీఎల్ చేతే రాయించండి:

క్యూబ్‌సీటీఎల్ క్రియేట్ డిప్లాయ్‌మెంట్ నీరు --ఇమేజ్=నీరు:1 --రెప్లికాస్=3 --డ్రై-రన్=క్లయింట్ -ఓ యామల్ > నీరు.యామల్
క్యూబ్‌సీటీఎల్ అప్లై -ఎఫ్ నీరు.యామల్

ఆ ఫైల్ తెరిచి ఒక్కో లైను నిదానంగా చదవండి. రెప్లికాస్ 3 అన్న లైనే మా నాన్న చెప్పే "నాలుగూ తిరగతా ఉండాల" అన్న మాట. పాడ్లు వచ్చాక వాటి ముందు ఒక సర్వీస్, దాని ముందు ఒక ఇంగ్రెస్ (బయటినుంచి వచ్చినదాన్ని సర్వీస్‌కు పంపే దారి) పెట్టండి:

క్యూబ్‌సీటీఎల్ ఎక్స్‌పోజ్ డిప్లాయ్‌మెంట్ నీరు --పోర్ట్=80 --టార్గెట్-పోర్ట్=5000
క్యూబ్‌సీటీఎల్ క్రియేట్ ఇంగ్రెస్ నీరు --రూల్="/*=నీరు:80"

పాడ్లు పుడుతుంటాయి, పోతుంటాయి, ప్రతిసారీ ఐపీ మారుతుంది, కాబట్టి మారని పేరు ఒకటి కావాలి. ఆ పేరే సర్వీస్. బ్రౌజర్‌లో లోకల్‌హోస్ట్:8080 తెరిచి రిఫ్రెష్ చేస్తూ ఉంటే పాడ్ పేరు మారుతూ కనిపించాలి.

కనిపించకపోతే? నేను ఒక సాయంత్రం మొత్తం పోగొట్టుకున్న చోటు ఇదే కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. పోర్ట్-ఫార్వర్డ్ అనే కమాండ్‌తో నేరుగా పాడ్‌కు వెళ్తే పేజీ బాగానే వస్తోంది, సర్వీస్ ద్వారా వెళ్తే మాత్రం బ్యాడ్ గేట్‌వే. ప్రోగ్రాము నడుస్తోంది, సర్వీస్ సరిగానే ఉంది, లేబుళ్లూ (సర్వీస్ తన పాడ్లను గుర్తుపట్టే చీటీలు) కలుస్తున్నాయి. చివరికి తేలింది ఏమిటంటే, ఫ్లాస్క్ మామూలుగా 127.0.0.1 మీద మాత్రమే వింటుంది, అంటే పాడ్ లోపలినుంచి పిలిస్తేనే పలుకుతుంది. పోర్ట్-ఫార్వర్డ్ పాడ్ లోపలికి దూరి అక్కడి లోకల్‌హోస్ట్‌ను తడుతుంది, అందుకే అది పనిచేసింది. సర్వీస్ మాత్రం బయటినుంచి పాడ్ ఐపీకి వస్తుంది, అక్కడ వినేవాళ్లు లేరు. ప్రోగ్రాములో హోస్ట్‌ను 0.0.0.0 అని మార్చి, నీరు:2 అని కట్టి, ఇంపోర్ట్ చేసి, ఫైల్‌లో నంబరు మార్చి అప్లై చేస్తే అయిపోయింది. పోర్ట్-ఫార్వర్డ్ పనిచేసి సర్వీస్ పనిచేయకపోతే మొదట ఇదే చూడండి. తర్వాత డిస్క్రైబ్ సర్వీస్ నీరు అని కొట్టి ఎండ్‌పాయింట్స్ లైను ఖాళీగా ఉందేమో చూడండి. ఖాళీ అంటే సర్వీస్ వెతికే లేబుల్, పాడ్ల మీద ఉన్న లేబుల్ కలవడం లేదని, లేకపోతే పాడ్లు ఇంకా రెడీ కాలేదని.

ఇప్పుడు చెడగొట్టండి

రెండు టెర్మినళ్లు తెరవండి. ఒకదాంట్లో ఇది వదిలేయండి, ఏం జరుగుతోందో చూపిస్తూ ఉంటుంది:

క్యూబ్‌సీటీఎల్ గెట్ పాడ్స్ -ఓ వైడ్ -డబ్ల్యూ

మొదట ఒక పాడ్‌ను డిలీట్ చేయండి. సెకన్లలో కొత్త పేరుతో ఇంకోటి వస్తుంది. కాపలా మనిషి చుట్టు తిరిగాడన్నమాట. ఇది అందరూ చేసేదే, ఇక్కడ ఆగొద్దు.

రెండోది, నోడ్‌నే పడగొట్టడం. దానికి ముందు ట్రాఫిక్ పాడ్ ఏ నోడ్ మీద ఉందో చూసి, ఆ నోడ్‌ను వదిలేసి ఇంకో ఏజెంట్‌ను ఎంచుకోండి, లేకపోతే 8080 దారే మూసుకుపోయి ప్రయోగం సరిగా కనిపించదు. ఏజెంట్ 0 మీద అది లేదనుకుందాం:

డాకర్ స్టాప్ కే3డీ-చెరువు-ఏజెంట్-0

డేటాసెంటర్‌లో ఒక సర్వర్‌కు కరెంటు పోయినట్టే ఇది. ఇక్కడ చాలామంది అనుకునేది, వెంటనే పాడ్లు పక్క నోడ్‌కు దూకుతాయని. దూకవు. మొదటి నిమిషం దాకా గెట్ నోడ్స్‌లో అంతా రెడీ అనే ఉంటుంది, పేజీ రిఫ్రెష్ చేస్తే కొన్నిసార్లు వస్తుంది, కొన్నిసార్లు వేలాడుతుంది. నోడ్‌నుంచి కబురు రావడం ఆగిందని తేల్చుకున్నాక నాట్ రెడీ అవుతుంది, అప్పటినుంచి ఆ నోడ్ పాడ్లకు రిక్వెస్టులు పంపడం ఆపేస్తుంది. పాడ్ల జాబితాలో మాత్రం చనిపోయిన నోడ్ మీది పాడ్ ఇంకా రన్నింగ్ అనే కనిపిస్తుంది! క్యూబ్‌లెట్ చివరిసారి చెప్పిన మాటే అది, ఇప్పుడు చెప్పేవాడు లేడు. అలా 300 సెకన్లు, అంటే 5 నిమిషాలు ఓపిక పడుతుంది, ఆ తర్వాతే వేరే నోడ్ మీద కొత్త పాడ్ పుడుతుంది. పాతది టెర్మినేటింగ్‌లో నిలబడిపోతుంది.

అంతసేపు ఎందుకు ఆగాలి అనిపిస్తుంది. నెట్‌వర్క్ ఒక్క నిమిషం పోయి వచ్చినంత మాత్రాన ఉన్నవన్నీ పీకేసి పక్క మిషన్ల మీద కుమ్మరిస్తే ఆ మిషన్లూ కూలతాయి. కరెంటు అలా పోయి ఇలా వస్తే కాపలా మనిషి పరుగెత్తి జనరేటర్ వేయడు, కాసేపు చూస్తాడు. మీ పనికి 5 నిమిషాలు ఎక్కువ అనుకుంటే పాడ్ స్పెక్‌లో టాలరేషన్ సెకన్లు తగ్గించుకోవచ్చు. తగ్గించి మళ్లీ చేసి చూడండి.

డాకర్ స్టార్ట్ అని నోడ్‌ను లేపాక ఇంకో సంగతి కనిపిస్తుంది. నోడ్ రెడీ అయినా పాడ్లు తిరిగి దాని దగ్గరికి రావు. నడుస్తున్నదాన్ని కుబెర్నెటిస్ తనంతట తాను కదిలించదు. మళ్లీ సర్దాలంటే రోలౌట్ రీస్టార్ట్ డిప్లాయ్‌మెంట్ నీరు అని మీరే చెప్పాలి.

మూడోది మెమరీ. ఫ్లాస్క్‌కు ఎటూ చాలని పరిమితి పెట్టండి:

క్యూబ్‌సీటీఎల్ సెట్ రిసోర్సెస్ డిప్లాయ్‌మెంట్ నీరు --లిమిట్స్=మెమరీ=12ఎంఐ

ఇందులో ఎం పెద్దక్షరం, ఐ చిన్నది. కొత్త పాడ్ లేస్తుంది, పడుతుంది, ఊమ్‌కిల్డ్ (మెమరీ చాలక చంపేశారు) అంటుంది, కాసేపటికి క్రాష్‌లూప్‌బ్యాక్ఆఫ్. డిస్క్రైబ్ చేస్తే ఎగ్జిట్ కోడ్ 137 కనిపిస్తుంది. 128కి 9 కలిపితే 137, 9 అంటే బలవంతంగా చంపే సిగ్నల్. పడ్డ ప్రతిసారీ మళ్లీ లేపే ముందు 10 సెకన్లు, 20, 40 అలా ఎడం పెంచుకుంటూ 5 నిమిషాల దాకా వెళ్తుంది. కానీ బ్రౌజర్‌లో పేజీ చూడండి, బాగానే వస్తోంది! మూడు పాత పాడ్లు అలాగే ఉన్నాయి, ఎందుకంటే కొత్తది రెడీ అయ్యేదాకా పాతదాన్ని తీయకూడదనే లెక్క డిప్లాయ్‌మెంట్‌లో ఉంది. మామూలు సెట్టింగు 25 శాతం, మూడు పాడ్లకు అది లెక్కేస్తే అదనంగా ఒకటి పెంచొచ్చు, తగ్గించేది సున్నా. లేవలేని తప్పు వెర్షన్ పంపినా కస్టమర్‌కు తెలియకుండా కాపాడేది ఇదే. వెనక్కి తీసుకోవడానికి:

క్యూబ్‌సీటీఎల్ రోలౌట్ అండూ డిప్లాయ్‌మెంట్ నీరు

నాకు కుబెర్నెటిస్ మీద నమ్మకం కుదిరింది ఈ ప్రయోగం చేసిన రోజే.

ఎర్రర్ వస్తే చూసే వరస

గూగుల్‌లో వెతకడానికి ముందు మూడు కమాండ్లు కొట్టే అలవాటు చేసుకోండి. డిస్క్రైబ్ పాడ్, కింద ఈవెంట్స్ చదవండి, జవాబు చాలాసార్లు అక్కడే ఉంటుంది. లాగ్స్, పాడ్ పడి లేచి ఉంటే వెనక --ప్రీవియస్ అని పెట్టాలి, లేకపోతే కొత్తగా లేచినదాని ఖాళీ లాగ్ చూస్తూ కూర్చుంటారు. మూడోది గెట్ ఈవెంట్స్.

పెండింగ్ అని ఉంటే షెడ్యూలర్‌కు చోటు దొరకలేదని. సొంత మిషన్ మీద ఇక్కడ ఒక మోసం ఉంది. 8 జీబీ లినక్స్ మిషన్ మీద మూడు నోడ్లూ దేనికది నాకు 8 జీబీ ఉంది అనుకుంటాయి, ఎందుకంటే మూడూ చూసేది ఒకే ర్యామ్‌ను. షెడ్యూలర్ లెక్కలో 24 జీబీ ఉన్నట్టు. కాబట్టి రిసోర్స్ రిక్వెస్టులు (ఒక్కో పాడ్‌కు ఎంత మెమరీ, సీపీయూ కావాలో ముందే రాసే లెక్క) పెట్టకుండా పాడ్లు పెంచుకుంటూ పోతే పెండింగ్ రాకుండానే ల్యాప్‌టాప్ బిగుసుకుపోతుంది. ప్రతి డిప్లాయ్‌మెంట్‌కూ లిమిట్ పెట్టండి, అప్పుడప్పుడు డాకర్ స్టాట్స్‌లో అసలు వాడకం చూసుకోండి.

పీవీసీ (పాడ్ కోసం డిస్కు స్థలం అడిగే చీటీ) పెండింగ్‌లో ఉంటే మాత్రం వెంటనే భయపడొద్దు. లోకల్-పాత్ దాన్ని వాడే పాడ్ వచ్చేదాకా ఆగుతుంది, పాడ్ పెట్టగానే బౌండ్ అవుతుంది. అలా రాసిన డేటా ఆ నోడ్ లోపలే ఉంటుంది, క్లస్టర్ డిలీట్ చేస్తే పోతుంది. పోతే బాధపడే డేటా అందులో పెట్టకండి. సీక్రెట్ అనే వస్తువులో ఉన్న పాస్‌వర్డు కూడా బేస్64లో మార్చి రాసినదే, తాళం వేసినది కాదు. దాన్ని తీసుకెళ్లి గిట్‌హబ్‌లో పెట్టొద్దు.

ఆపడం, మళ్లీ కట్టడం

రోజు పని అయ్యాక కే3డీ క్లస్టర్ స్టాప్ చెరువు. ఫ్యాన్ చప్పుడు తగ్గుతుంది, బ్యాటరీ నిలుస్తుంది. మర్నాడు స్టార్ట్ అంటే ఉన్నది ఉన్నట్టు లేస్తుంది.

రెండో ఆదివారం సాయంత్రం ఇంకో పని చేయండి. క్లస్టర్‌ను పూర్తిగా తీసేయండి:

కే3డీ క్లస్టర్ డిలీట్ చెరువు

మళ్లీ మొదటి కమాండ్‌తో కొత్తది కట్టి, మీ దగ్గరున్న నీరు.యామల్ ఒక్కటే అప్లై చేసి, లోకల్‌హోస్ట్:8080 తెరవండి. రాదు. పాడ్లు ఇమేజ్‌పుల్‌బ్యాక్ఆఫ్‌లో ఉంటాయి, కొత్త నోడ్లకు ఇమేజ్ ఎవరూ పంపలేదు కాబట్టి. పంపాక పాడ్లు లేస్తాయి, పేజీ అప్పుడూ రాదు, సర్వీస్, ఇంగ్రెస్ రెండూ మనం చేత్తో కొట్టినవి, ఏ ఫైల్‌లోనూ లేవు. ఆ రెండు కమాండ్లకూ డ్రై-రన్ ముక్క తగిలించి ఫైళ్లు చేసుకోండి. క్లస్టర్ క్రియేట్, ఇమేజ్ ఇంపోర్ట్ ఈ రెంటినీ చిన్న షెల్ స్క్రిప్టులో పెట్టి, అన్నీ ఒకే ఫోల్డర్‌లో ఉంచి గిట్‌లో వేయండి. మళ్లీ డిలీట్ చేసి, స్క్రిప్టు నడిపి, ఆ ఫోల్డర్ అప్లై చేయండి. ఈసారి చేత్తో ఒక్క కమాండ్ కూడా కొట్టకుండా పేజీ వచ్చేదాకా ఇలా కట్టడం, తీసేయడం చేస్తూనే ఉండండి.